ఎవరూ చూడని సిగ్గు

"నలుగురూ నవ్విపోతారు", "నలుగురిలో తలెత్తుకోలేం", "నలుగురి నోళ్ళలో పడతాం". సిగ్గు గురించి మనం మాట్లాడుకునే మాటల్లో ఈ నలుగురు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళెవరో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. కానీ వాళ్ళు లేకపోతే సిగ్గు అనేదే ఉండదని మాత్రం చాలా ఏళ్ళు నమ్మాను. ఎవరూ చూడకపోతే సిగ్గుపడటానికి ఏముంది?

గత డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్న, అనకాపల్లి పక్కన శంకరం ఊళ్ళో, బొజ్జన్నకొండ కింద, ఒక పద్దెనిమిది మంది ముందు నాకు జరగాల్సిన అవమానం ఆఖరి క్షణంలో తప్పిపోయింది. ఎవరికీ ఏమీ తెలియలేదు. మరి తప్పిపోయాక సిగ్గు కూడా పోవాలి కదా? పోలేదు. ఎందుకు పోలేదో నాకు నేను చెప్పుకోడానికే ఇది రాస్తున్నాను.

విశాఖపట్నంలో పాత మారుతి 800 కార్లున్న కొందరం ఒక క్లబ్బుగా కలుస్తుంటాం. ఆ కారు గురించి తెలియని వాళ్ళుండరు. 1983 డిసెంబరులో మొదటి బండి తాళాలు ఇందిరాగాంధీ చేతులమీదుగా ఇచ్చారు, 2014 జనవరిలో తయారీ ఆపేశారు. మూడు సిలిండర్లు, 796 సీసీ. ఇవాళ్టి లెక్కలో అదేం గొప్ప ఇంజనూ కాదు, గట్టి బండీ కాదు. ఖరీదైన కార్ల క్లబ్బుల్లో వాళ్ళు హార్స్‌పవర్ గురించి మాట్లాడుకుంటారు. మాకు ఆ అవకాశం లేదు కాబట్టి మేం కథలు చెప్పుకుంటాం. ఈ బండిలోనే అక్క పెళ్ళికి వెళ్ళాం, ఈ బండిలోనే తాతయ్యని కేజీహెచ్‌కి తీసుకెళ్ళాం, నాన్న ప్రావిడెంట్ ఫండ్ డబ్బుతో కొన్నాడు. మా క్లబ్బులో బండి విలువంతా దాని వెనక ఉన్న కుటుంబంలోనే ఉంటుంది.

నేను మొదటిసారి వెళ్ళినరోజు అందరం గుండ్రంగా నించుని ఎవరి బండి గురించి వాళ్ళు చెప్పుకుంటున్నాం. నా వంతు వచ్చేలోపే పక్కనున్నాయన "నాన్నగారిదా?" అన్నాడు. నేను తల ఊపాను.

అంతే. నోటితో ఒక్క మాట కూడా అనలేదు. నిజానికి ఆ బండి నాన్న పోయిన తర్వాత గాజువాకలో ఒక బ్రోకరు దగ్గర నేను కొన్నది. నాన్న జన్మలో కారు కొనలేదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక కమీషను కొట్లో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశాడు. సైకిలు మీద వెళ్ళేవాడు, సైకిలు మీద వచ్చేవాడు.

ఊపిన తలని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఆ తర్వాత తెలిసింది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకి ఇది బాగా అలవాటైన వ్యవహారం. ఒక తప్పు లైనుని సరిచెయ్యడానికి బద్ధకించి, అది బయటపడకుండా చుట్టూ ఇంకో పది లైన్లు రాస్తాం. ఏడాది తిరిగేసరికి ఆ పదీ లేకుండా ప్రోగ్రాం నడవదు. నేనూ అలాగే ఒక్కో మీటింగులో ఒక్కో వివరం కలుపుతూ పోయాను. డాష్‌బోర్డు మీద పాత జిగురు మచ్చ ఒకటుంది. అదేంటని ఎవరో అడిగితే, నాన్న వెంకటేశ్వరస్వామి బొమ్మ అంటించిన చోటు అని చెప్పాను. ఎడమ వెనక తలుపు మీద సొట్ట గురించి అడిగితే, నాన్న నాకు డ్రైవింగు నేర్పిస్తుంటే పడిందన్నాను. రెండేళ్ళలో నాకొక కొత్త నాన్న తయారయ్యాడు. చెప్తున్నప్పుడు నాక్కూడా ఆయన కళ్ళముందు కనబడేవాడు.

గిరీశం అబద్ధాలు చదివి పగలబడి నవ్వినవాణ్ణే నేను. కానీ గిరీశం తన అబద్ధాలని తను నమ్మడు. ఆ విషయంలో నాకన్నా నయం.

లంబసింగి ట్రిప్ అనుకున్నప్పుడు అనకాపల్లిలో ఆగొద్దని రెండుసార్లు వాదించాను. హైవే మీదనుంచి నేరుగా నర్సీపట్నం రోడ్డు పట్టుకుందామన్నాను. "నీ ఊరు కదా భయ్యా, నువ్వే చూపించాలి" అన్నారు. తెల్లారకముందే బయలుదేరి, అనకాపల్లిలో టిఫిన్లు చేసి, బొజ్జన్నకొండ దగ్గరికి చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. కొండ కింద తొమ్మిది కార్లు వరసగా పెట్టి ఫొటోలు తీసుకుంటున్నాం. ఒక కుటుంబాన్ని ఎక్కించుకొచ్చిన ఆటో ఒకటి వచ్చి ఆగింది. దాంట్లోంచి దిగిన పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, మా బండ్ల వరస చూసుకుంటూ వచ్చి నా బండి దగ్గర ఆగిపోయాడు. నంబరు ప్లేటు చూశాడు. వెనక తలుపు మీద సొట్టని చేత్తో తడిమాడు. అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడు.

"ఇది మా బండే బాబూ!" అన్నాడు గట్టిగా. "పదకొండేళ్ళు తోలినాను దీన్ని. ఆ మచ్చ సూడండి, నూకాలమ్మ తల్లి బొమ్మ నేనే అంటించినాను అక్కడ."

ఆయన మొహంలో ఎంత సంతోషమో చెప్పలేను. తప్పిపోయిన మేకపిల్ల దొరికినట్టు. మా వాళ్ళంతా దగ్గరికొచ్చేశారు. మచ్చ కథ అందరూ విన్నదే. ఒక్కొక్కరే ఆయన్నుంచి నావైపు తిరిగారు. చెవులు వేడెక్కడం, అరచేతుల్లో చెమట, గొంతులో ఏదో అడ్డం పడటం, ఇవన్నీ పుస్తకాల్లో చదివినవే. ఒక సంగతి మాత్రం ఎక్కడా చదవలేదు: కాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. నించునే పద్ధతి మర్చిపోతాం.

పెద్దాయన నా మొహం చూశాడు. చూసి ఒక్క క్షణం ఆగాడు. అప్పుడు నవ్వి, నా భుజం మీద చెయ్యేసి అన్నాడు. "మీ నాన్నగారి దగ్గరే కద బాబూ నేను డ్రైవరుగా చేసినాను! గుర్తుపట్నేదేటి? అప్పుడు చిన్నపిల్లోడివి నువ్వు."

గుంపంతా ఒక్కసారి వదులైపోయింది. "అరె, సినిమాలా ఉంది అన్నా" అన్నారెవరో. ఆయన్ని డ్రైవింగు సీట్లో కూచోబెట్టి ఫొటోలు తీశారు. స్వామి బొమ్మ పక్కన అమ్మవారి బొమ్మ కూడా ఉండేదని ఎవరికి వాళ్ళే సర్దుకున్నారు. నా పరువు నిలబడింది.

ఆ తర్వాత అందరూ మెట్లెక్కి పైకి వెళ్తే నేను కిందే ఉండిపోయాను. ఆటో పక్కన నించుని అడిగాను, "ఎందుకలా చెప్పారు బాబాయ్?" అని.

"మీ మొగం అలాగయిపోనాది మరి" అన్నాడు. కాసేపాగి, "మీ నాన్నగారేటి చేసీవోరు?" అన్నాడు.

"బెల్లం మార్కెట్లో గుమాస్తా."

"అయితే మనోళ్ళే" అన్నాడు. బండి ఒక బెల్లం షావుకారుదట. 1998లో కొత్తగా కొన్నప్పుడు షోరూము నుంచి తోలుకొచ్చింది ఈయనేనట.

ఇదీ జరిగింది. ఇంతకీ ఇందులో రెండు అబద్ధాలున్నాయి. ఒకటి రెండేళ్ళుగా నేను పెంచినది, రెండోది రెండు సెకన్లలో ఆయన అల్లినది. రెండూ ఒకే విషయం మీద, ఒకే జనం ముందు చెప్పినవి. పైగా రెండోది మొదటిదాన్ని మరింత గట్టిపరిచింది కూడా. అబద్ధం ఎక్కడైనా అబద్ధమే అనేవాళ్ళ లెక్కలో ఇద్దరం ఒకటే. హంతకుడు తలుపు తట్టి నీ స్నేహితుడు లోపలున్నాడా అని అడిగినా సరే అబద్ధం చెప్పకూడదన్న కాంట్ అయితే ఆయనకి నాకన్నా తక్కువ మార్కులేమీ ఇవ్వడు. కానీ నా మనసు ఆ లెక్కని ఒప్పుకోవడం లేదు. నా అబద్ధం తలుచుకుంటే ఒళ్ళు ముడుచుకుపోతుంది. ఆయనది తలుచుకుంటే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఈ తేడా ఎక్కడుంది?

మనవాళ్ళలో ఈ ప్రశ్నకి పాత సమాధానం ఒకటుంది. పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో, వామనుడికి మూడడుగులు ఇస్తానన్న బలిచక్రవర్తితో శుక్రాచార్యుడు వాదిస్తాడు. ఆడవాళ్ళ విషయంలో, పెళ్ళిళ్ళ విషయంలో, ప్రాణం, ధనం, మానం పోయేటప్పుడు, ఇలా కొన్నిచోట్ల బొంకినా పాపం అంటదంటాడు. స్కూల్లో ఈ పద్యం నేర్చుకున్నప్పుడు మాకు భలే సరదాగా ఉండేది, శాస్త్రమే పర్మిషన్ ఇచ్చినట్టు. ఇప్పుడు ఆ ఘట్టం మళ్ళీ చదివితే వేరే సంగతి కనబడింది. శుక్రుడు ఆ సలహా ఇస్తున్నది బలి ఆస్తి కాపాడటానికి. బలి ఒప్పుకోడు. తనకోసం తను ఆ మినహాయింపు వాడుకోడు. అంటే ఆ జాబితాలో ఏవేం ఉన్నాయన్నది ఒక్కటే చాలదు. ఎవరి మానం కోసం ఎవరు బొంకుతున్నారన్నది కూడా చూడాలి. నా మానం కోసం నేను బొంకాను. నా మానం కోసం ఆయన బొంకాడు. దానికి ఆయన పెట్టిన ఖర్చు కూడా చూడండి. పదకొండేళ్ళ తన ఉద్యోగాన్ని, తనకి నిజంగా గర్వంగా ఉన్న ఒక జ్ఞాపకాన్ని, షావుకారు నుంచి తీసి ఎప్పుడూ చూడని ఒక మనిషి చేతిలో పెట్టేశాడు. మా నాన్నని యజమానిని చేసి తను ఆయన దగ్గర పనివాడయ్యాడు.

రూసో జీవితంలో ఇలాంటిదే ఒక ఘటన ఉంది, ఫలితం మాత్రం తలకిందులు. పదహారేళ్ళ వయసులో ట్యూరిన్‌లో ఒక గొప్పింట్లో పనికున్నప్పుడు ఒక రిబ్బను దొంగిలించాడు. దొరికిపోయాక, మరియన్ అనే వంటపిల్ల ఇచ్చిందని అందరిముందూ చెప్పేశాడు. ఆ పిల్ల ఏడ్చి కాదన్నా ఇద్దర్నీ పనిలోంచి తీసేశారు. 1782లో, తను పోయిన నాలుగేళ్ళకి అచ్చయిన ఆత్మకథలో రూసో దీన్ని రాసుకున్నాడు. శిక్షకి భయపడలేదట, సిగ్గుకి భయపడ్డాడట. నన్ను పక్కకి తీసుకెళ్ళి మెల్లగా అడిగి ఉంటే ఒప్పేసుకుని కాళ్ళమీద పడేవాణ్ణి అంటాడు. ఈ ఒక్కమాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సిగ్గు మంచిపనులు చేయిస్తుందని మనం పిల్లలకి చెప్తాం. రూసో కథలో పాపమంతా చేయించింది సిగ్గే. నా విషయంలోనూ అంతే. నా మొదటి తలూపుడికి కారణం దురాశ కాదు, మోసం చెయ్యాలనీ కాదు. నలుగురు కొత్తవాళ్ళ ముందు "మా నాన్నకి కారు లేదు" అనడానికి సిగ్గు. తేడా ఒకటే. రూసోకి పక్కకి తీసుకెళ్ళేవాళ్ళు దొరకలేదు, నాకు దొరికారు.

అయితే సిగ్గు మంచిదా చెడ్డదా? బొజ్జన్నకొండ మీద ఒకప్పుడు ఉన్నవాళ్ళని అడిగితే ఏదో చెప్పేవారు. శంకరం అన్న ఊరిపేరు సంఘారామం నుంచి వచ్చిందంటారు. ఆ కొండమీద రాతిలోంచే తొలిచిన స్తూపాలు, గుహలు, లోపల బుద్ధుడి విగ్రహాలు ఉన్నాయి. పక్కన లింగాలకొండ నిండా చిన్నచిన్న రాతిస్తూపాలే. గత శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపించేదాకా అది బౌద్ధక్షేత్రమని లోకానికి పెద్దగా తెలియదు. మా వైపు వాళ్ళకి అది బొజ్జ ఉన్న ఎవరో రాక్షసుడి కొండ. కనుమ రోజు జనం గుంపులుగా వచ్చి రాళ్ళు విసిరే ఆచారం ఒకటి ఉండేది. చిన్నప్పుడు నేనూ విసిరాను. సిగ్గనిపించలేదు. అందరూ విసురుతున్నారు కదా.

బౌద్ధంలో సిగ్గుకి రెండు వేర్వేరు మాటలున్నాయి. పాళీలో ఒకటి హిరి, రెండోది ఒత్తప్ప. ఈ రెండే లోకాన్ని కాపాడుతున్నాయని, ఇవి లేకపోతే మనుషులు వావివరసల్లేకుండా మేకల్లా, కోళ్ళల్లా బతికేవారని అంగుత్తరనికాయంలో ఉంది. హిరి లోపల్నుంచి వచ్చేది: ఇది నాకు తగినపని కాదు అనే ఏవగింపు. ఒత్తప్ప బయటివాళ్ళని తలుచుకుంటే వచ్చేది: నింద పడుతుంది, ఫలితం అనుభవించాలి అనే భయం. బుద్ధఘోషుడి పేరుమీద ఉన్న ఒక వ్యాఖ్యలో దీనికి చక్కటి పోలిక ఉంది. రెండు ఇనపగుండ్లున్నాయి. ఒకటి చల్లగానే ఉంది కానీ దానికి అశుద్ధం పూసి ఉంది. రెండోది ఎర్రగా కాలుతోంది. తెలివైనవాడు రెండిటినీ ముట్టుకోడు, మొదటిదాన్ని అసహ్యంతో, రెండోదాన్ని భయంతో.

సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా సమస్య వస్తే, రెండు కారణాల్లో ఒకదాన్ని తీసేసి చూడమంటారు. ఆ ఆదివారం ఆటో నడిపే పెద్దాయన నాకు ఆ ప్రయోగం చేసిపెట్టాడు. కాలే గుండుని ఒక్కమాటతో చల్లార్చేశాడు. నింద లేదు, నవ్వేవాళ్ళు లేరు, ఫలితం లేదు. అప్పుడు చేతికి ఏదో అంటుకుని ఉందని తెలిసింది. కాలుతున్నంతసేపూ ఆ వాసన తెలియలేదు. మన "నలుగురు" అంతా ఒత్తప్పే. అది అవసరమే, కాదనను. కానీ నలుగురూ రాళ్ళు విసిరేచోట అది పనిచెయ్యదు. నలుగురూ నాన్నల కార్ల గురించి గొప్పగా చెప్పుకునేచోట అది పనిచెయ్యకపోవడమే కాదు, అబద్ధం వైపే తోస్తుంది.

మరి అంటుకున్నది ఏమిటి? అబద్ధమాడానన్నదే అయితే ఇంత బరువుండదు, రోజూ ఆఫీసు మీటింగుల్లో ఎన్ని చెప్పడం లేదు. అసలు సంగతి వేరే. బెల్లం మార్కెట్లో దిమ్మల ధర రంగుని బట్టి పలుకుతుంది. పచ్చగా మెరిసే దిమ్మకి ఎక్కువ, నల్లటిదానికి తక్కువ. అందుకే పాకంలో హైడ్రోస్ వేసి రంగు తెప్పించేవాళ్ళున్నారు. నాన్న ఇంటికి మాత్రం నల్లటి దిమ్మే తెచ్చేవాడు, తినడానికి అదే మంచిదని. అలాంటి మనిషికి నేను రంగు వేశాను. కారు ఉంటేనే ఆయన నలుగురిలో చెప్పుకోదగ్గ నాన్న అవుతాడని, ఆయన పోయాక, ఆయన్ని అడక్కుండా తీర్మానించేశాను. గొప్పచేస్తున్నానని అనుకున్నాను. నిజానికి నేను చేసింది ఆయన్ని చెరిపెయ్యడం. "అయితే మనోళ్ళే" అని ఆ పెద్దాయన అన్నప్పుడు గుచ్చుకున్నది ఇదే. నేను దాచిపెట్టిన నాన్నని ఆయన ఒక్కమాటలో తనవాడిని చేసుకున్నాడు.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చిపడింది. క్లబ్బులో నిజం చెప్పెయ్యాలనుకున్నాను. కానీ చెప్తే ఆయన చెప్పింది కూడా అబద్ధమని తేలుతుంది. నా మనసు తేలికపడటం కోసం, నన్ను కాపాడిన మనిషిని అబద్ధాలకోరుగా నిలబెట్టడం ఏం న్యాయం? పైగా తప్పు ఒప్పుకోవడంలో కూడా ఒక మెరుపు ఉంటుంది. ఎంత నిజాయితీ అని నలుగురూ మెచ్చుకుంటారు. అది ఇంకో రకం హైడ్రోస్. రూసో మీద కూడా ఆ అనుమానం నాకుంది. ఈ వ్యాసం మీదా ఉంది. కానీ ఆ అనుమానాన్ని అడ్డం పెట్టుకుని నోరు మూసుకుంటే లాభం ఎవరికి? మళ్ళీ నాకే. కాబట్టి దాన్ని సాకుగా తీసుకోవడం మానేశాను.

పెద్దాయన నంబరు తీసుకున్నాను కాబట్టి ఫోన్ చేసి అడిగాను, చెప్పమంటారా అని. "నాదేటి పోద్ది బాబూ, సెప్పీయండి" అన్నాడు. "మీ నాన్నగారు సైకిలు తొక్కీవోరంటే ఏటవుద్ది?" ఈ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. ఏమీ అవ్వదు. రెండేళ్ళు నేను కాపలా కాసిన గదిలో ఏమీ లేదు.

జనవరిలో మళ్ళీ కలిసినప్పుడు చెప్పాను. పెద్దగా ఉపన్యాసం పెట్టుకోలేదు. బండి నేను కొన్నదే, నాన్నది కాదు, ఆయన నాకోసం అలా అన్నాడు, అంతే. కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకరిద్దరు నావైపు చూడటం మానేశారు, అది నాకు రావాల్సిందే. మొదటిరోజు "నాన్నగారిదా?" అని అడిగిన ఆయనే మళ్ళీ అడిగాడు.

"మరి నాన్నగారు ఏం నడిపేవారు?"

"సైకిలు."

ఆయనకి బండ్ల పిచ్చి. వెటకారమేం లేదు ఆ గొంతులో, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "ఏ కంపెనీ?"

నాకు గుర్తులేదు. లేని కారు మీద సొట్ట ఎలా పడిందో నిమిషాల తరబడి చెప్పినవాణ్ణి, పదేళ్ళు నేను వెనక క్యారియర్ మీద కూచుని స్కూలుకెళ్ళిన సైకిలు కంపెనీ పేరు చెప్పలేకపోయాను. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. అమ్మకీ కంపెనీ తెలియదు. "ఆకుపచ్చది" అంది.